పిల్లల భత్యం: పీఆర్‌కు వెంటనే.. పర్మిట్‌కు 19వ నెలలో!

‘కెనడాలో పిల్లలుంటే చాలు, నెలనెలా గవర్నమెంటే ఖాతాలో డబ్బులేస్తుందట!’ ఈ మాట వీసా కన్సల్టెన్సీల్లో వినిపిస్తుంది, చుట్టాల పెళ్లిళ్లలోనూ వినిపిస్తుంది. అబద్ధమేమీ కాదు. అలాగని అందరికీ, విమానం దిగిన మర్నాటి నుంచే వస్తుందన్నది నిజం కాదు. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఇది నెలకు వెయ్యి డాలర్ల పైచిలుకు వ్యవహారం. వస్తుందనుకుని అద్దె ఇల్లు మాట్లాడుకున్నాక రాకపోతే మొదటి ఏడాదే అప్పుల్లో పడతారు. వచ్చే హక్కుండీ తెలియక అడగకపోతే అదీ నష్టమే. చదువు కోసమో, ఉద్యోగం కోసమో కుటుంబంతో కెనడా వెళ్లే ఆలోచనలో ఉంటే ఈ లెక్క ముందే తెలుసుకోవాలి.

అసలేంటిది?

దీని పేరు కెనడా చైల్డ్‌ బెనిఫిట్‌. అంతకుముందున్న పథకాల స్థానంలో 2016 జులైలో మొదలైంది. 18 ఏళ్లలోపు పిల్లలున్న కుటుంబాలకు నెలనెలా, సాధారణంగా 20వ తేదీ ప్రాంతంలో సొమ్ము జమవుతుంది. దీని మీద పన్ను లేదు. చెల్లించేది అక్కడి ఆదాయపు పన్ను శాఖ అయిన కెనడా రెవెన్యూ ఏజెన్సీ, అందరూ పిలిచే పేరు సీఆర్‌ఏ. పిల్లల సొమ్మును పన్ను శాఖ ఇవ్వడం మనకు వింతగా తోస్తుంది. కానీ ఈ పథకం కిటుకంతా అందులోనే ఉంది. మన దగ్గర పథకానికి రేషన్‌ కార్డు ఎలాగో, అక్కడ ట్యాక్స్‌ రిటర్న్‌ అలాగ. అది లేకపోతే ఏదీ కదలదు.

అర్హతకు పౌరసత్వమే అక్కర్లేదు. చూసేవి నాలుగు విషయాలు. బిడ్డ మీతోనే ఉండాలి. ఆ బిడ్డ పెంపకం ప్రధానంగా మీ బాధ్యతే కావాలి. పన్నుల లెక్కలో మీరు కెనడా నివాసి కావాలి. నాలుగోది, మీరు గానీ, మీ జీవిత భాగస్వామి గానీ చట్టం చెప్పిన హోదాల్లో ఒకదానిలో ఉండాలి. కొత్తగా వెళ్లినవాళ్లకు తేడా వచ్చేది ఈ నాలుగో దగ్గరే.

ఎవరికి వెంటనే?

ఎక్స్‌ప్రెస్‌ ఎంట్రీలోనో, ఏదైనా ప్రావిన్స్‌ నామినేషన్‌ మీదో పర్మనెంట్‌ రెసిడెంట్‌గా, అంటే పీఆర్‌తో దిగిన కుటుంబానికి ఎదురుచూపు లేదు. వెళ్లి స్థిరపడిన మరుసటి నెల నుంచే హక్కు మొదలవుతుంది. శరణార్థిగా రక్షణ పొందినవారికీ ఇదే వర్తిస్తుంది. శరణు కోరుతూ దరఖాస్తు పెట్టి, నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న దశ మాత్రం ఇందులోకి రాదు.

పిల్లలు కెనడాలోనే పుట్టి ఉండాలన్న నియమం లేదు. గుంటూరులో పుట్టినా, కరీంనగర్‌లో పుట్టినా ఒకటే. కాకపోతే బిడ్డ అక్కడ మీతో ఉండాలి. ‘ముందు మేమిద్దరం వెళ్లి సెటిలవుతాం, పాపను ఏడాది పాటు అమ్మమ్మ దగ్గర ఉంచుతాం’ అనుకునే దంపతులు మనలో చాలామంది. అలాగైతే పాప అక్కడికి చేరేదాకా ఆ పాప పేరున భత్యం రాదు. వచ్చి చేరాకే దరఖాస్తు.

పర్మిట్‌ మీద వెళ్తే 18 నెలల లెక్క

స్టడీ పర్మిట్‌ మీదో, వర్క్‌ పర్మిట్‌ మీదో వెళ్లినవాళ్లను టెంపరరీ రెసిడెంట్లు అంటారు. వీళ్లకూ భత్యం ఉంది. కానీ వరుసగా 18 నెలలు కెనడాలో నివాసం ఉండాలి. 19వ నెలలో చేతిలో చెల్లుబాటయ్యే పర్మిట్‌ ఉండాలి. రెండూ కుదిరాకే దరఖాస్తు. ఆ 18 నెలలకు సంబంధించిన సొమ్ము తర్వాత కూడా రాదు.

ఇక్కడ తెలుసుకోవాల్సినవి కొన్నున్నాయి.

ఒకటి, లెక్కపెట్టేది పర్మిట్‌ రకాన్ని కాదు, నివాసాన్ని. స్టడీ పర్మిట్‌ మీద ఏడాది ఉండి, కోర్సు అయ్యాక వర్క్‌ పర్మిట్‌కు మారితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవదు. ఆ ఏడాదీ కలుస్తుంది.

రెండు, భార్యాభర్తల్లో ఒకరికి 18 నెలలు నిండితే సరిపోతుంది. భర్త మాస్టర్స్‌కు ముందు వెళ్లి, భార్య పిల్లాడితో పది నెలల తర్వాత వెళ్లిందనుకుందాం. భర్తకు 18 నెలలు నిండేసరికి ఆమె వెళ్లి ఎనిమిది నెలలే అవుతుంది. అయినా ఆమె దరఖాస్తు చేసుకోవచ్చు. ‘నాకింకా పది నెలలు టైముంది’ అని ఊరుకుంటే పోయేది తనకు రావాల్సిన సొమ్మే.

మూడు, పర్మిట్‌ గడువు. సరిగ్గా ఆ 19వ నెల ముంగిట పర్మిట్‌ అయిపోయేలా ఉంటే పొడిగింపు పని ముందే మొదలుపెట్టాలి. కొన్ని పర్మిట్ల మీద ‘ఇది టెంపరరీ రెసిడెంట్‌ హోదా ఇవ్వదు’ అన్న అర్థమొచ్చే వాక్యం ఉంటుంది. అలాంటిది పనికిరాదు. మీ కాగితం మీద ఏం రాసుందో ఒకసారి పైనుంచి కిందిదాకా చదవండి.

నాలుగు, 18 నెలలు నిండకముందే పీఆర్‌ వచ్చేస్తే ఇక ఆ నిరీక్షణ అక్కర్లేదు. పీఆర్‌ వచ్చిన మరుసటి నెల నుంచే అర్హులు.

చదువు కోసం వెళ్లేవాళ్లు దీన్ని ఇంకో రకంగా చూసుకోవాలి. రెండేళ్ల మాస్టర్స్‌లో ఏడాదిన్నర గడిచాక గానీ ఈ సొమ్ము మాటే రాదు. అంటే ఫీజులూ అద్దెలూ గట్టిగా ఉండే కాలమంతా సొంత డబ్బుతోనే గడవాలి. పైగా 2025 జనవరి నుంచి స్టూడెంట్ల భార్య లేదా భర్తకు ఓపెన్‌ వర్క్‌ పర్మిట్‌ ఇచ్చే నిబంధనలు బిగించారు. కనీసం 16 నెలల మాస్టర్స్‌, పీహెచ్‌డీ, కొన్ని ఎంపిక చేసిన ప్రొఫెషనల్‌ కోర్సులు చదివేవారి జీవిత భాగస్వాములకే ఆ అవకాశం. కోర్సు ఎంచుకునేటప్పుడే రెండో జీతం ఉంటుందా లేదా అన్నది తేలిపోతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు కోర్సు ఫీజుతో పాటు దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఎంత వస్తుంది?

మొత్తం పిల్లల వయసును, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఏటా జులైలో రేట్లు మారతాయి. 2025 జులై నుంచి 2026 జూన్‌ వరకు ఆరేళ్లలోపు ఒక్కో బిడ్డకు గరిష్ఠంగా ఏడాదికి 7,997 కెనడా డాలర్లు, అంటే నెలకు 666 డాలర్ల పైన. ఆరు నుంచి 17 ఏళ్ల పిల్లలకు ఏడాదికి 6,748, అంటే నెలకు 562 డాలర్ల పైన. భార్యాభర్తలిద్దరిదీ కలిపిన నికర ఆదాయం 37,487 డాలర్ల లోపుంటే ఈ పూర్తి మొత్తం వస్తుంది. ఆపైన ఆదాయం పెరిగేకొద్దీ భత్యం తగ్గుతూ పోతుంది.

నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు ఉన్న ఇంటిని తీసుకుందాం. పూర్తి మొత్తమైతే ఏడాదికి 14,745 డాలర్లు, నెలకు దాదాపు 1,229. కుటుంబ నికర ఆదాయం 60 వేల డాలర్లైతే, పరిమితి దాటిన 22,513 డాలర్ల మీద 13.5 శాతం, అంటే సుమారు 3,039 డాలర్లు కోత పడుతుంది. చేతికొచ్చేది నెలకు 975 డాలర్ల చొప్పున. ఆదాయం 1,20,000 డాలర్లకు చేరితే నెలకు 550 డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఒక్క బిడ్డే ఉంటే కోత శాతం తక్కువగా, 7 దగ్గర మొదలవుతుంది.

దీనికి తోడు ప్రావిన్సులు ఇచ్చేవి వేరే ఉన్నాయి. ఒంటారియో, అల్బర్టా, బ్రిటిష్‌ కొలంబియాల్లో పిల్లల కుటుంబాలకు సొంత భత్యాలున్నాయి. వాటికి మళ్లీ దరఖాస్తు అక్కర్లేదు, ఇదే దరఖాస్తు చూసి సీఆర్‌ఏనే ఇస్తుంది. క్యూబెక్‌ దారి వేరు. అక్కడ ఫ్యామిలీ అలవెన్స్‌ ఇచ్చేది ఆ ప్రావిన్స్‌ సొంత సంస్థ, దరఖాస్తు కూడా విడిగానే.

ఇండియా జీతమూ చెప్పాలి

‘మేం కొత్తగా వచ్చాం, కెనడాలో మాకు ఆదాయమే లేదు’ అంటే కుదరదు. వచ్చిన ఏడాదితో పాటు అంతకుముందు రెండేళ్లలో ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా కెనడా డాలర్లలోకి మార్చి చెప్పాలి. అద్దెలు, వడ్డీలూ ఇందులోకే వస్తాయి.

అయితే మన జీతాలకు ఇది సాధారణంగా మేలే చేస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదికి 18 లక్షల రూపాయలు తెచ్చుకున్న కుటుంబానిది, డాలరు 62 రూపాయల లెక్కన, 30 వేల కెనడా డాలర్ల లోపే. అంటే మొదట్లో పూర్తి భత్యం వచ్చే అవకాశం ఉంది.

చాలామంది బోల్తా పడేది ఆ తర్వాతే. భత్యం ఏడాది జులై నుంచి జూన్‌ వరకు. దానికి చూసే ఆదాయం అంతకుముందటి క్యాలెండర్‌ ఏడాదిది. 2025 సెప్టెంబరులో పీఆర్‌తో దిగినవాళ్లకు 2026 జూన్‌ దాకా 2024 నాటి ఇండియా ఆదాయమే లెక్క. 2026 జులై నుంచి 2025 ఆదాయం, అంటే సగం ఇక్కడిది, సగం అక్కడిది. 2027 జులై నుంచి 2026లో సంపాదించిన పూర్తి కెనడా జీతం లెక్కలోకి వస్తుంది. ఇద్దరూ మంచి ఉద్యోగాల్లో కుదురుకుని ఉంటే ఆ నెల భత్యం ఒక్కసారిగా పడిపోతుంది. అదేదో శిక్ష కాదు, తప్పిదం కూడా కాదు. కానీ మొదట వచ్చిన 1,200 డాలర్లు చూసుకుని కారు లోనుకు సంతకం పెట్టినవాళ్లకు మాత్రం దెబ్బే.

దరఖాస్తు ఎవరి పేరు మీద?

మన దగ్గర తల్లికి వందనం సొమ్ము తల్లి ఖాతాలో పడినట్టే అక్కడా తల్లికే ప్రాధాన్యం. తల్లీతండ్రీ ఒకే ఇంట్లో ఉంటే పెంపకం బాధ్యత ప్రధానంగా తల్లిదేనని సీఆర్‌ఏ భావిస్తుంది. కాబట్టి దరఖాస్తు ఆమే చేయాలి. పిల్లల్ని ప్రధానంగా చూసుకునేది తండ్రే అయితే ఆ సంగతి రాసి తల్లి సంతకం చేసిన లేఖ జత చేసి ఆయన పెట్టుకోవచ్చు.

మొదటి మెట్టు సోషల్‌ ఇన్సూరెన్స్‌ నంబర్‌. అందరూ ‘సిన్‌’ అంటారు. దిగిన వెంటనే సర్వీస్‌ కెనడాలో భార్యాభర్తలిద్దరూ తీసుకోవాలి. తర్వాత ఆర్‌సీ66 అనే దరఖాస్తు ఫారం. దాంతో పాటు కొత్తగా వచ్చినవాళ్లు తప్పనిసరిగా ఇవ్వాల్సింది ఆర్‌సీ66ఎస్‌సీహెచ్‌. హోదా వివరాలు, ఇండియా ఆదాయం రాసేది ఇందులోనే. పిల్లలు కెనడా బయట పుట్టారు కాబట్టి జనన ధ్రువపత్రం కాపీ జత చేయాలి. పోస్టులో పంపితే తేలడానికి దాదాపు 11 వారాలు పట్టొచ్చు. అంటే పీఆర్‌తో వెళ్లినా మొదటి రెండు మూడు నెలల ఖర్చులో ఈ సొమ్మును కలపకూడదు. ఆలస్యమైన నెలలవి తర్వాత కలిపి ఇస్తారు గానీ, అద్దె ఇచ్చే ఇంటి ఓనరు అప్పటిదాకా ఆగడు కదా!

దరఖాస్తుకు ఫీజు లేదు. ‘భత్యం ఇప్పిస్తాం, కమిషన్‌ ఇవ్వండి’ అనేవాళ్ల అవసరం అంతకన్నా లేదు. ఆదాయం తక్కువున్నవాళ్లకు వాలంటీర్లు ఉచితంగా ట్యాక్స్‌ రిటర్న్‌ వేసిపెట్టే క్లినిక్‌లు ఊరూరా నడుస్తాయి.

వెళ్లి రెండేళ్లయినా దరఖాస్తే పెట్టలేదా? కంగారు పడొద్దు. అర్హత ఉన్న పాత నెలలకు పదేళ్ల వెనక్కి వరకూ అడగవచ్చు. అయితే 11 నెలల కంటే పాతవైతే హోదాకు, అక్కడ నివాసం ఉన్నదానికి, పిల్లల పుట్టుకకు రుజువులన్నీ చూపించాలి. పాత అద్దె ఒప్పందాలు, స్కూలు కాగితాలు పారేయకూడదనేది ఇందుకే.

ఎక్కడ ఆగిపోతుంది?

ఎక్కువగా ఆగేది ఒకే చోట. ‘నాకు ఉద్యోగమే లేదు, నేనెందుకు రిటర్న్‌ వేయాలి?’ అని ఇంట్లో ఉన్న భార్యో, భర్తో వదిలేయడం. ఆదాయం సున్నా అయినా సరే, ఇద్దరూ ఏటా ఏప్రిల్‌ 30లోగా రిటర్న్‌ వేయాలి. ఒక్కరు మానేసినా జులైలో భత్యం నిలిచిపోతుంది. రిటర్న్‌ వేశాక మళ్లీ మొదలవుతుంది గానీ ఈలోపు నెలలు గడిచిపోతాయి.

విడిపోయినా, మళ్లీ పెళ్లి చేసుకున్నా మరుసటి నెలాఖరులోగా తెలియజేయాలి. ఇండియాకు తిరిగొచ్చేస్తుంటే ఆ సంగతీ చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే అదనంగా పడిన సొమ్మును తర్వాత వచ్చే చెల్లింపుల్లోంచో, ట్యాక్స్‌ రీఫండ్‌లోంచో లాక్కుంటారు.

మిగతా దేశాల సంగతి

కెనడాలో ఉన్నట్టే అన్నిచోట్లా ఉంటుందనుకుంటే పొరపాటు. ఆఫర్లు పోల్చి చూసుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.

బ్రిటన్‌లో స్కిల్డ్‌ వర్కర్‌, స్టూడెంట్‌ వీసాల మీద ‘ప్రభుత్వ నిధులు వర్తించవు’ అన్న షరతు ఉంటుంది. అక్కడి చైల్డ్‌ బెనిఫిట్‌ ఆ నిధుల్లోకే వస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఆ వీసాల మీదే ఉంటే శాశ్వత నివాస హక్కు వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు. బిడ్డ లండన్‌లో పుట్టినా అంతే. ఎవరో చెప్పారని దరఖాస్తు పెడితే అది వీసా షరతును ఉల్లంఘించడమే అవుతుంది. నాలుగు పౌండ్ల కోసం వీసాకే ముప్పు తెచ్చుకోవద్దు.

అమెరికాలో నెలనెలా ఇచ్చే భత్యం లేదు. ట్యాక్స్‌ రిటర్న్‌లో చైల్డ్‌ ట్యాక్స్‌ క్రెడిట్‌ ఉంది, 2025 నుంచి ఒక్కో బిడ్డకు గరిష్ఠంగా 2,200 డాలర్లు. దానికి బిడ్డకు ఉద్యోగానికి చెల్లే సోషల్‌ సెక్యూరిటీ నంబర్‌ ఉండాలి. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికీ ఉండాలి. హెచ్‌4 మీద వెళ్లిన, ఇండియాలో పుట్టిన పిల్లలకు ఆ నంబర్‌ రాదు. వాళ్ల పేరున దక్కేది గరిష్ఠంగా 500 డాలర్ల మరో క్రెడిట్‌. ఒకే ఇంట్లో అక్కడ పుట్టిన తమ్ముడికి ఒక లెక్క, ఇక్కడ పుట్టిన అక్కకు మరో లెక్క!

ఆస్ట్రేలియాలో ఫ్యామిలీ ట్యాక్స్‌ బెనిఫిట్‌ ‘పార్ట్‌ ఎ’ కోసం పీఆర్‌ వచ్చాక కూడా సాధారణంగా ఏడాది ఆగాలి. జర్మనీలో బ్లూ కార్డు మీద ఉద్యోగానికి వెళ్లిన కుటుంబాలకు ‘కిండర్‌గెల్డ్‌’ వస్తుంది. 2026 జనవరి నుంచి ఒక్కో బిడ్డకు నెలకు 259 యూరోలు, ఆదాయం ఎంతున్నా సరే. కాకపోతే ఆలస్యంగా అడిగితే ఆరు నెలల వెనకటి సొమ్మే ఇస్తారు.

బయల్దేరే ముందే సర్దుకోండి

కెనడా వెళ్లేవాళ్లు పచ్చళ్ల డబ్బాలతో పాటు ఒక ఫైలు కూడా సర్దుకోవాలి. పిల్లల జనన ధ్రువపత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయా? మనకు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మామూలే. తేడా ఉంటే మున్సిపాలిటీ చుట్టూ తిరిగే పని ఇక్కడుండగానే ముగించుకోవడం తేలిక. పత్రం తెలుగులోనే ఉంటే ఇంగ్లిష్‌ అనువాదం చేయించుకోవాలి.

ఇంకోటి, మన ఫారం 16 ఏప్రిల్‌ నుంచి మార్చి వరకు ఉంటుంది. వాళ్లడిగేది జనవరి నుంచి డిసెంబరు లెక్క. అందుకని గత మూడేళ్ల నెలవారీ పే స్లిప్పులు, బ్యాంకు వడ్డీ వివరాలు దగ్గర పెట్టుకోవాలి. కంపెనీ మానేశాక పాత పోర్టల్‌ తెరుచుకోదు. రాజీనామా ఇచ్చే ముందే డౌన్‌లోడ్‌ చేసుకోండి.

ఇక బడ్జెట్‌. పీఆర్‌తో వెళ్తుంటే మొదటి మూడు నెలలు, పర్మిట్‌ మీదైతే మొదటి 18 నెలలూ ఈ భత్యాన్ని సున్నాగా రాసుకుని లెక్కలేయండి. ఆ లెక్కతోనూ ఇల్లు గడుస్తుందనిపిస్తే ధైర్యంగా టికెట్లు బుక్‌ చేసుకోవచ్చు. గడవదనిపిస్తే వెళ్లడం మానుకోమని కాదు. ముందు ఒక్కరు వెళ్లి, ఆ 18 నెలల లెక్క నడుస్తుండగా మిగతావాళ్లు చేరే మార్గమూ ఉందని గుర్తుంచుకోండి.